చామనచాయ పాపాయి: ఒక రీబార్న్ డాల్ పని డైరీ

రీబార్న్ డాల్ అంటే విడి భాగాల కిట్‌గా వచ్చే వినైల్ (మెత్తని ప్లాస్టిక్) బొమ్మకు రంగులు వేసి, జుట్టు గుచ్చి, నిజం పసిబిడ్డలా తయారు చేసేది. ఈ కిట్ 50 సెంటీమీటర్ల బొమ్మది. నిద్రపోతున్న ముఖం, ముప్పాతిక చేతులు, పూర్తి కాళ్లు, గుడ్డ ఒళ్లు. వినైల్ లేత పీచు రంగులో ఉంది. దీన్ని చామనచాయ పసిబిడ్డగా తయారు చేయాలి.

ఈ రంగే ఎంచుకోవడానికి కారణం ఉంది. నేర్చుకోవడానికి దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం తెల్లటి బిడ్డల గురించే. ఆ రంగుల వరసే తీసుకుని చివర్లో కాస్త బ్రౌన్ పూస్తే చామనచాయ రాదు, దుమ్ము పట్టిన తెల్లబొమ్మ వస్తుంది. అది ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పడానికే ఈ డైరీలో ఎక్కువ చోటు పోయింది.

ముదురు వినైల్‌తో వచ్చే కిట్లు కూడా ఉన్నాయి. అవి వద్దనుకున్నాను. పలుచని పొరలు వేసి రంగును ముదురు చేయగలం గానీ లేత చేయలేం. అరచేతులు, అరికాళ్లు లేతగా ఉండాలంటే అడుగున లేత వినైల్ ఉండాల్సిందే. బాగా నల్లని బిడ్డ కావాలనుకునేవాళ్లకు మాత్రం ముదురు కిట్టే నయం, లేకపోతే పొరలకు అంతుండదు.

రంగులు హీట్‌సెట్ రకం. ఇవి గాలికి ఆరవు, సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపడతాయి. గాలికి ఆరే యాక్రిలిక్ రంగులతో చేసేవాళ్లూ చాలామంది ఉన్నారు. వాటికి ఓవెన్ అక్కర్లేదు, కానీ చూస్తుండగానే ఆరిపోతాయి, సవరించుకునే వ్యవధి ఉండదు. హీట్‌సెట్‌లో పొర నచ్చకపోతే బేకింగ్‌కి ముందు థిన్నర్‌తో మొత్తం తుడిచేయొచ్చు. ఆ ఒక్క సుఖం కోసమే ఓవెన్ గోల భరించాను.

దశ 1: తూకం, కడగడం

ఖాళీ భాగాల బరువు ముందే రాసి పెట్టుకుంటే చివర్లో లెక్క తేలిక. తల 290 గ్రాములు, చేతులు రెండూ కలిపి 170, కాళ్లు రెండూ కలిపి 260, గుడ్డ ఒళ్లు 90.

ఇప్పటి లెక్క: 810 గ్రాములు. లక్ష్యం 2600.

అప్పుడే పుట్టిన బిడ్డ సగటున 3300 గ్రాముల దాకా ఉంటుంది కదా, బొమ్మకు అంత ఎందుకు పెట్టలేదు అంటే, గుడ్డ తట్టుకోదు. కుట్లు సాగి, కాళ్లు కీళ్ల దగ్గర వేలాడతాయి.

అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు వినైల్ మీద కొంత మిగిలి ఉంటుంది. అది పోకపోతే రంగు పట్టదు.

1. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్, మెత్తని టూత్‌బ్రష్ తీసుకోండి.
2. వేళ్ల సందులు, చెవుల వెనక, మోకాలి మడతలు ఒక్కొక్కటే రుద్దండి. లోపలి వైపు కూడా.
3. నురగ పోయేదాకా కడిగి, తెరిచి ఉన్న వైపు కిందికి పెట్టి రాత్రంతా ఆరనివ్వండి.
4. తర్వాత గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. చేతి జిడ్డు కూడా జిడ్డే.

ముక్కు పక్కన గాడిలో అచ్చు జిడ్డు సరిగ్గా పోలేదని మొదటి పొర వేసినప్పుడు బయటపడింది. అక్కడ రంగు పరుచుకోకుండా చిన్న చిన్న బొట్లుగా ముడుచుకుపోయింది. ఎంత రంగు అద్దినా అంతే. రంగు తుడిచేసి, ఆ గాడిని దూది పుల్లతో సబ్బు పెట్టి మళ్లీ కడిగాక గానీ పట్టలేదు. మీకూ రంగు అలా ముడుచుకుంటుంటే పెయింట్‌ని తిట్టుకునే ముందు అక్కడ కడిగి చూడండి.

ముక్కు రంధ్రాలు కిట్‌లో గుంటలుగానే ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో ముక్కును మెత్తబరిచి, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌ని చేత్తోనే తిప్పుతూ తెరిచాను. మెషిన్‌కి బిగించి తిప్పితే వినైల్ చిరుగుతుంది. రంధ్రం అంచు గరుకుగా ఉంటే నున్నని గరిటె పిడిలాంటిది వేడినీళ్లలో ముంచి లోపల తిప్పితే సర్దుకుంటుంది.

దశ 2: ఓవెన్ చెప్పే వేడి, లోపల ఉన్న వేడి

ఇది వేరే ఓవెన్. వంటకు వాడేది దీనికి వాడకూడదు, దీన్ని మళ్లీ వంటకు వాడకూడదు. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఆవిరిని పీల్చుకునే కార్బన్ ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకునే పని. గుడ్డ మాస్క్ దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. వినైల్ అంటే పీవీసీ. మితిమీరి వేడెక్కితే అందులోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు అది మంచిది కాదు.

అసలు రంగుకు ముందు, పాడైపోయినా బాధలేని ఒక విడి చెయ్యి మీద పరీక్ష చేశాను. డయల్ 130 దగ్గర పెట్టి 8 నిమిషాలు ఉంచాను. చల్లారాక తెల్ల గుడ్డతో రుద్దితే ఒక వైపు రంగు గుడ్డకు అంటింది, రెండో వైపు వినైల్ నిగనిగలాడుతోంది. ఒకే చెయ్యి ఒక పక్క ఉడకలేదు, ఇంకో పక్క మాడింది.

విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టి కొలిస్తే సంగతి తెలిసింది. డయల్ మీద 130 ఉన్నప్పుడు:

తలుపు దగ్గర 118
మధ్యలో 134
వెనక, కాయిల్ దగ్గర 149

మార్చినవి ఇవి.

1. అడుగున మందపాటి సెరామిక్ టైల్ పెట్టాను. కాయిల్ వెలిగి ఆరినప్పుడల్లా వేడి ఎగిరిపడకుండా అది ఆపుతుంది.
2. డయల్ 125కి తగ్గించి, 20 నిమిషాలు ముందే వేడి చేశాను. మధ్యలో 130, తలుపు దగ్గర 124, వెనక 136 వచ్చాయి.
3. టైల్ మీద పాత నూలు తువ్వాలు మడతపెట్టి పరిచి, భాగాలు దాని మీద ఉంచాను. లోహపు జాలీ మీద నేరుగా పెడితే మెత్తబడిన వినైల్ మీద గీతలు పడతాయి.
4. చేతులు, కాళ్లు తెరిచిన వైపు కిందికి పెట్టి నిలబెట్టాను. తల మెడ మీద నిలబడింది.
5. 4 నిమిషాలకు ఒకసారి అన్నింటినీ సగం తిప్పాను.
6. బయటికి తీశాక పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. వేడి మీద వినైల్ మెత్తగా ఉంటుంది, వేలు ఆనితే వేలిముద్ర బొమ్మకే మిగిలిపోతుంది.

ఈ కొలతలు నా ఓవెన్‌వి. మీ ఓవెన్‌లో వేరేగా వస్తాయి. కాపీ కొట్టాల్సింది అంకెల్ని కాదు, మూడు చోట్ల కొలిచే పద్ధతిని.

దశ 3: చర్మం కింద ఉండే రంగులు

బిడ్డ చర్మం పలుచన. దాని కింద నెత్తురు, నరాలు కనబడతాయి. కాబట్టి ముందు కింద ఉండేవి వేసి, తర్వాత పైన చర్మం కప్పాలి. ఏ చాయకైనా ఇదే సూత్రం. చామనచాయకు మాత్రం ఈ కింది పొరలు తెల్లబొమ్మకు వేసేదానికన్నా కొంచెం గట్టిగా ఉండాలి. పైన వచ్చే బ్రౌన్ పొరలు వాటిని చాలావరకు మింగేస్తాయి.

వాష్ అంటే థిన్నర్‌తో బాగా పలుచన చేసిన రంగు. అది కలిపే కొలత: అగ్గిపుల్ల తలంత రంగు, 5 మిల్లీలీటర్ల థిన్నర్. తెల్ల పింగాణీ పలక మీద ఒక చుక్క వేస్తే పలక కనబడుతూనే ఉండాలి. కనబడకపోతే చిక్కగా ఉన్నట్టు.

1. అల్ట్రామెరైన్ బ్లూలో కొంచెం క్రిమ్సన్ కలిపిన ఊదా వాష్. కనురెప్పలు, కణతలు, పెదాల చుట్టూ, ముక్కు పక్కలు, చేతుల మడతలు.
2. తడిగా ఉండగానే పొడి మేకప్ స్పాంజ్‌తో టకటకా అద్దుతూ అంచులు కలిపేయాలి. బ్రష్ గీత గానీ మెరుపు గానీ మిగలకూడదు. ఈ అద్దుడే అసలు పని. రంగు పూయడానికి నిమిషం పడితే అద్దడానికి అరగంట పడుతుంది.
3. బేకింగ్, 8 నిమిషాలు.
4. నరాలు: అల్ట్రామెరైన్‌లో చిటికెడు ఆకుపచ్చ. కణతల మీద, మణికట్టు లోపల, పాదం పైన, కనురెప్పల మీద. సన్నని లైనర్ బ్రష్‌తో గీసి, గీతను అక్కడక్కడా స్పాంజ్‌తో తెంపేయాలి. నిజం నరం కొంత దూరం కనబడి మాయమవుతుంది.
5. బేకింగ్.

నరాలు ఇంత ముందే వేయడానికి కారణం ఆ పరీక్ష చెయ్యి. దాని మీద చివర్లో, చర్మపు పొరలన్నీ అయ్యాక వేసి చూశాను. ఎంత సన్నగా గీసినా పెన్నుతో గీసినట్టే ఉంది. పైన ఏ పొరా లేకపోతే కంటికి అది లోపలిదని అనిపించదు.

పెన్ను అన్నాను కాబట్టి ఇంకో మాట. నరాల దారి గుర్తుపెట్టుకోవడానికి మార్కర్ గానీ బాల్‌పెన్ గానీ వాడొద్దు. వినైల్‌ని మెత్తగా ఉంచే నూనెలు ఆ సిరాను లోపలికి లాక్కుంటాయి. ఈ రోజు సన్న గీత, కొన్నాళ్లకు పాకిన మరక. నీళ్లతో పోయే రంగు పెన్సిల్ చాలు.

తర్వాత ఎర్రమచ్చలు. పసిబిడ్డ ఒళ్లు ఒకే రంగులో ఉండదు, కొంచెం చలి తగిలితే జల్లెడలాంటి ఎర్ర, నీలి మచ్చలు పొడుచుకొస్తాయి. అరచేతులు, పాదాలు పుట్టిన కొత్తలో నీలంగా కూడా ఉంటాయి. క్రిమ్సన్‌లో కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలిపి రెండు పొరలు వేశాను. మొదటి పొర ముతక స్పాంజ్‌తో, రెండోది సన్న రంధ్రాల స్పాంజ్‌తో.

మొదటిసారి అద్దినది తుడిచేయాల్సి వచ్చింది. తొడ మీద మచ్చలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో చిరుతపులి తోలులా తేలాయి. రెండు కారణాలు. స్పాంజ్‌ని కత్తెరతో కోయడంతో తిన్నని అంచు ప్రతి అద్దులోనూ అచ్చుపడింది. పైగా స్పాంజ్‌ని ఒకే వైపు పట్టుకుని అద్దడంతో ఒకే ముద్ర మళ్లీ మళ్లీ పడింది. స్పాంజ్‌ని చేత్తో చింపి, ప్రతి అద్దుకూ మణికట్టు తిప్పుతూ పోతే ఇది పోయింది.

మచ్చలు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అన్నది కంటితో తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే అప్పటికి గంటల తరబడి అదే కాలు చూస్తూ ఉంటాం. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. మచ్చలు అందులో కూడా కొట్టొచ్చినట్టు కనబడితే ఎక్కువైనట్టే. రంగులో తేడా ఉండాలి, చీకటి వెలుగుల్లో తేడా పెద్దగా ఉండకూడదు.

ఇప్పటి లెక్క: పొరలు 4, ఓవెన్ సమయం 32 నిమిషాలు.

ఈ దశలో బొమ్మను చూస్తే భయమేస్తుంది. ఊదా, ఎరుపు కలిసి దెబ్బలు తగిలిన ఒళ్లులా ఉంటుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి, పొరలు తేలిక చేసేస్తారు. తేలిక చేయకుండా ఉన్నదున్నట్టు వదిలేయడమే మంచిది.

దశ 4: చామనచాయ

తీసుకున్న రంగులు: బర్న్ట్ సియెన్నా (ఎర్రటి బ్రౌన్), రా సియెన్నా (పసుపు బ్రౌన్), బర్న్ట్ అంబర్ (ముదురు బ్రౌన్), అల్ట్రామెరైన్ బ్లూ.

బర్న్ట్ సియెన్నా, రా సియెన్నా సగం సగం కలిపి మూడు పలుచని వాష్‌లు వేశాను. ఒక్కొక్క దాని తర్వాత బేకింగ్. రాత్రి బల్బు కింద మూడో పొర అయ్యాక చూస్తే ముచ్చటగా ఉంది. మర్నాడు పగటి వెలుతురులో అదే తల నారింజ రంగులో ఉంది. చిన్న తేడా కాదు, ఎవరు చూసినా నారింజ అనే అంటారు.

బల్బు 2700 కెల్విన్ రకం. ఆ పసుపు వెలుతురులో వస్తువులన్నీ నారింజ వైపు ఒరుగుతాయి కాబట్టి బొమ్మలో ఎక్కువైన నారింజ విడిగా కనబడదు. ఆ రాత్రి పనిచేసినంతసేపూ కన్ను దానికి అలవాటు పడిపోయింది. బల్బు మార్చి, పగటి వెలుతురుకు దగ్గరగా ఉండే 5000 కెల్విన్‌ది పెట్టాను. రంగుల విషయంలో ఈ ప్రాజెక్టు మొత్తంలో చేసిన మార్పుల్లో ఎక్కువ లాభం ఇచ్చింది ఇదే, బ్రష్‌లకన్నా, ఖరీదైన స్పాంజ్‌లకన్నా.

ఇక ఆ నారింజని ఏం చేయాలి? బేక్ అయిన హీట్‌సెట్ పొర థిన్నర్‌కు రాదు. అసిటోన్‌తో దూది పెట్టి తుడిస్తే వస్తుంది గానీ కింద వేసిన నరాలు, మచ్చలు అన్నీ పోతాయి. పైగా అసిటోన్ ఎక్కువసేపు ఆనితే వినైల్ పైభాగమే పాడవుతుంది. అందుకని చెరపకుండా సరిదిద్దాను. నారింజకు ఎదురు రంగు నీలం. అల్ట్రామెరైన్‌ని మామూలు వాష్‌కన్నా రెండింతలు పలుచన చేసి, అంటే అగ్గిపుల్ల తలంత రంగుకు 10 మిల్లీలీటర్ల థిన్నర్ కలిపి, ఒళ్లంతా ఒక పొర వేశాను. వేసేటప్పుడు రంగు పడినట్టే తెలియదు. బేకింగ్ అయ్యాక నారింజ కాస్తా బ్రౌన్‌లోకి దిగింది.

పరీక్ష చెయ్యి మీద ముందు 5 మిల్లీలీటర్ల కొలతతో వేస్తే బూడిద రంగు తేలింది, జబ్బు పడిన ఒళ్లులా. అందుకే 10.

చామనచాయ విషయంలో నాకు తేలింది ఇది: బ్రౌన్ అనేది ట్యూబ్‌లోంచి రాదు. ఎరుపు, పసుపు, నీలం మూడూ పలుచగా ఒకదాని మీద ఒకటి పడితే కన్ను దాన్ని చర్మం అనుకుంటుంది. బర్న్ట్ అంబర్‌ని నేరుగా ఒళ్లంతా పూసి చూశాను, పరీక్ష చెయ్యి మీదే. చెక్కబొమ్మకు పాలిష్ పట్టినట్టు వచ్చింది. తర్వాత అంబర్‌ని మచ్చలకు, మడతలకు మాత్రమే వాడాను.

ప్రతి వాష్ తర్వాత, బేకింగ్‌కి ముందు చేయాల్సినవి:

1. అరచేతులు, అరికాళ్లు శుభ్రమైన పొడి స్పాంజ్‌తో తుడవాలి. అక్కడ రంగు సగానికి సగం పోవాలి.
2. గోళ్ల మీద పడిన రంగు పూర్తిగా తీసేయాలి.
3. టార్చ్‌ని పక్కవాటుగా పట్టి నూగు, వెంట్రుకలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే పట్టకారుతో తీయాలి.

ఆ మూడోది చిన్నదే గానీ వదలొద్దు. నుదుటి మీద ఒక దారపు పోగు రంగుతో పాటే బేక్ అయిపోయింది. సన్నని ఎమరీ కాగితంతో గీకి, ఆ చోట మూడు వాష్‌లూ మళ్లీ చుక్కలు చుక్కలుగా నింపాల్సి వచ్చింది. దగ్గరగా చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. ఉన్ని బట్టలు, నూగు వచ్చే తువ్వాళ్లు పనిచేసే బల్ల దగ్గరికి రానివ్వకండి.

నీలం తర్వాత అంబర్, సియెన్నా కలిపి ఒక మచ్చల పొర. ఈసారి ఎర్రమచ్చలు లేని చోట్ల.

ఇప్పటి లెక్క: పొరలు 9, ఓవెన్ సమయం 72 నిమిషాలు.

దశ 5: ముదురుగా ఉండాల్సిన చోట్లు

చామనచాయ బిడ్డలు పుట్టినప్పుడు తర్వాత వచ్చే రంగుకన్నా లేతగానే ఉంటారు. కానీ చెవి అంచులు, గోళ్ల మొదళ్లు, వేళ్ల కణుపులు అప్పటికే ముదురుగా ఉంటాయి. ఒళ్లంతా ముదురు చేసే బదులు ఈ మూడు చోట్లా చేస్తే బొమ్మ ఉన్నట్టుండి నిజం బిడ్డవైపు జరుగుతుంది. అంబర్‌లో క్రిమ్సన్ కలిపి రెండు పొరలు. చెవి అంచున మొదలుపెట్టి లోపలికి కలిపేయాలి, గీతలా ఆగిపోకూడదు.

మడతలకూ అదే రంగు. సన్న బ్రష్‌తో మడత లోతున నింపి, పైన అంటినది పొడి స్పాంజ్‌తో లాగేయాలి. అరచేతి గీతల్లో అంబర్ వాడితే మట్టిలో ఆడి వచ్చిన పిల్లాడి చెయ్యిలా కనబడింది, తుడిచేశాను. అరచేతిలో గీతలు సియెన్నా, క్రిమ్సన్‌తో వేయాలి. అవి చుట్టూ ఉన్న లేతరంగుకన్నా ఒక్క మెట్టే ముదురు.

పెదాలకు గులాబీ వద్దు. క్రిమ్సన్, అంబర్, చుక్క అల్ట్రామెరైన్. బయటి అంచు ముదురుగా, మధ్యలో ఎర్రగా. పెదవి అంచు చర్మంలోకి కలిసిపోవాలి. అక్కడ గీత పడితే లిప్‌స్టిక్ వేసినట్టుంటుంది.

గోళ్లు: సియెన్నాలో కొద్దిగా క్రిమ్సన్, కొసన సన్నటి పాల రంగు గీత. మొదట ఆ గీత అర మిల్లీమీటరు వెడల్పు వచ్చి, బిడ్డకు మానిక్యూర్ చేయించినట్టు అయింది. ఎంత సన్నని బ్రష్‌తో వేసినా అంతే. చివరికి బ్రష్ పక్కన పెట్టి, కుట్టుసూది మొనతో రంగు లాగితే సరిపోయింది.

కనుబొమలు బ్రష్‌తోనే వేశాను. 10/0 లైనర్, బర్న్ట్ అంబర్ చాలా పలుచగా. ముక్కు వైపున్న వెంట్రుకలు పైకి, బయటివైపువి పక్కకు. పసిబిడ్డకు కనుబొమలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఎన్ని గీశానో అందులో సగం స్పాంజ్‌తో తీసేశాను.

అన్నీ అయ్యాక ఒళ్లంతటికీ రా సియెన్నా వాష్ ఒకటి, అన్నింటినీ ఒకే చర్మం కిందికి తేవడానికి. ఈ పొర వేయకముందు చెవులు వేరే బిడ్డవి, బుగ్గలు వేరే బిడ్డవి అనిపించాయి.

చివరి పొర హీట్‌సెట్ మ్యాట్ వార్నిష్. స్పాంజ్‌తో అద్దాలి, బ్రష్‌తో పూస్తే మడతల్లో చేరి తెల్లని పొగలా ఉండిపోతుంది. చెవి వెనక కొంచెం అలాగే ఉంది. మ్యాట్ ఎందుకంటే, వినైల్ సహజంగా మెరుస్తుంది, ఆ మెరుపే బొమ్మను బొమ్మని పట్టిస్తుంది. పెదాల మీద మాత్రం కొద్దిగా మెరిసే సాటిన్ వార్నిష్, గోళ్ల మీద కూడా అదే.

ఇప్పటి లెక్క: పొరలు 14, ఓవెన్ సమయం 112 నిమిషాలు.

దశ 6: అయస్కాంతం

పాల పీక నోటి దగ్గర నిలవడానికి పెదాల వెనక, తల లోపల చిన్న నియోడిమియం అయస్కాంతం అతికిస్తారు. ఇది వార్నిష్ బేకింగ్‌కి ముందే అతికించాను, తర్వాత పీక నిలవలేదు. కారణం వేడే. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలవుతుంది, చల్లారినా మొత్తం తిరిగి రాదు. దాన్ని పీకేసి, ఓవెన్ పనంతా ముగిశాక కొత్తది పెట్టాను.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎత్తుకునే బొమ్మలో అయస్కాంతం వద్దు. చిన్నపిల్లల చేతికి వెళ్లే బొమ్మలో అసలే వద్దు. అయస్కాంతాలు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి అంటుకుని ప్రాణం మీదికి తెస్తాయి. ఏమాటకామాట, ఇది పిల్లలు ఆడుకునే బొమ్మే కాదు.

దశ 7: జుట్టు

సన్నని మోహెయిర్, దాదాపు నలుపు. మోహెయిర్ అంటే అంగోరా మేక ఉన్ని. సూదులు ఫెల్టింగ్‌కి, అంటే ఉన్నిని గుచ్చి గట్టిపరచడానికి వాడేవే. అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. 40తో మొదలుపెట్టి, నుదుటి అంచున 43కి మారాను. 43 చేసే రంధ్రం కనబడదు, కానీ కొంచెం పక్కకు ఒరిగితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన మొన తల లోపల పడిపోతే కదిపి, వెతికి తీసేయాలి, లోపల వదిలేయకూడదు.

1. తలను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టండి. చల్లటి వినైల్‌లో సూది దిగదు, విరుగుతుంది.
2. సుడి ఎక్కడో ముందు గుర్తుపెట్టి, అక్కడినుంచి జుట్టు తిరిగే దారులు నీళ్లతో పోయే పెన్సిల్‌తో గీయండి.
3. సూదిని నిలువుగా కాకుండా ఏటవాలుగా గుచ్చండి. నిలువుగా గుచ్చితే జుట్టు బ్రష్‌లా నిక్కబొడుచుకుంటుంది.
4. రంధ్రానికి ఒకటి నుంచి మూడు వెంట్రుకలు. నుదుటి దగ్గర ఒక్కటే.

వెనక భాగంలో త్వరగా అయిపోతుందని రంధ్రానికి అయిదారు చొప్పున గుచ్చిన ఒక వరస ఉంది. దువ్వితే కుచ్చులు కుచ్చులుగా విడిపోయి, మధ్యలో బోడిగా కనబడుతోంది. పీకేస్తే పెద్ద రంధ్రాలు మిగులుతాయి కాబట్టి పీకలేదు, వాటి మధ్యలో ఒంటి వెంట్రుకలు గుచ్చి నింపాను. పని రెట్టింపైంది.

పూర్తయ్యాక తల లోపల, ఎండినా వంగే రకం జిగురు పూసి రెండు రోజులు వదిలేయాలి. ఎండి పెళుసెక్కే జిగురు అయితే తల నొక్కినప్పుడల్లా పగిలి వెంట్రుకలు ఊడతాయి. జిగురు ఆరాక ముక్కు రంధ్రాల వెనక నల్ల ఫెల్ట్ ముక్క అతికించాను, వెలుతురు లోపలికి కనబడకుండా.

దశ 8: బరువు, బిగింపు

బరువుకు సన్నని గాజు పూసలు. ఇసుకలో తడి ఉంటే లోపల బూజు పడుతుంది, ఇనుప గుళ్లు తుప్పు పడతాయి. పూసలను నేరుగా పోయకుండా నైలాన్ సాక్స్ ముక్కల్లో ముడివేసి పెట్టాను, ఎక్కడైనా కుట్టు విడిపోయినా ఇల్లంతా పాకవు. పోసేటప్పుడు మాస్క్ తీయొద్దు.

మొదటి అమరికలో తలకు 650, ఒంటికి 500 గ్రాములు. ఎత్తుకుంటే తల మరీ వెనక్కి వాలి, మెడ గుడ్డ సాగి, తలను గుడ్డకు బిగించే జిప్ టై (ప్లాస్టిక్ పట్టీ) మెడ గాడిలోంచి జారిపోయింది. తలలోంచి 200 తీసి ఒంటి అడుగున, పిరుదుల దగ్గర పెట్టాను. తలలో మిగిలిన పూసల సంచీని వెనక పుర్రె వైపు జరిపి ముందు ఫైబర్ దూది కూరాను. బరువు తగ్గినా చెయ్యి అడ్డం పెట్టకపోతే తల వాలుతుంది, అదే కావలసింది.

తలలో 450: 1260 గ్రాములు
చేతుల్లో చెరి 70: 1400
కాళ్లలో చెరి 150: 1700
ఒంట్లో 700: 2400
అన్నిచోట్లా కలిపి ఫైబర్ దూది 160: 2560
జుట్టు, జిగురు, అయస్కాంతం, ఫెల్ట్, జిప్ టైలు 25: 2585

కాళ్లలో పూసలు మడమ వైపు, చేతుల్లో అరచేయి వైపు ఉండాలి. పైన కీలు దగ్గర దూదే. పూసలు కీలు దగ్గర చేరితే కాలు కర్రలా బిగుసుకుంటుంది.

జిప్ టైని చేత్తో తిప్పితే భాగం బిగువుగా కదిలేంత వరకే లాగాను. పూర్తిగా లాగితే గుడ్డ ముడుచుకుని భుజం పైకి లేస్తుంది. కత్తిరించిన కొస పదునుగా ఉంటుంది, దాన్ని గుడ్డ మడత లోపలికి తిప్పాలి.

ఇంకా 15 గ్రాములు తక్కువ. పొట్ట దగ్గర కొంచెం ఖాళీ ఉంది, దూది అక్కడ కూరితే సరిపోతుంది.

బట్టలు వేసే ముందు ఒక పరీక్ష నడుస్తోంది. ఎరుపు, నలుపు, నేవీ బ్లూ గుడ్డ ముక్కలు ఆ పరీక్ష చేతికి చుట్టి, వెచ్చని గదిలో వారం వదిలేశాను. ఎరుపు అప్పుడే లేతగా అంటింది, వార్నిష్ ఉన్నా సరే. సబ్బుతో పోలేదు. నలుపు, నేవీ ఇంకో వారం ఉంచి చూస్తాను. అప్పటిదాకా తెల్ల చొక్కానే, అది కూడా రెండుసార్లు ఉతికాకే.